పల్నాటి వీరుల పేర్లలో ఏముంది?



ఒకరోజు ఇంగ్లీషు క్లాసులో టెన్నిసన్ రాసిన ఆర్థర్ రాజు కథ జరుగుతోంది. లెక్చరరు గారు నల్లబల్ల మీద పేర్లన్నీ వరసగా రాసి అర్థాలు చెప్పారు. ఆర్థర్ అనే పేరులో ఎలుగుబంటి అని అర్థం వచ్చే 'ఆర్త్' అనే వెల్ష్ మాట ఉందని కొందరి వాదం. కాదు, 'ఆర్టోరియస్' అనే రోమను ఇంటిపేరు నుంచి వచ్చిందని మరికొందరి వాదం. రాణీగారు గ్వినివీర్ పేరులో 'తెలుపు' ఉంది. ఆ పేరే కార్న్‌వాల్ వాళ్ల నోట పడి 'జెన్నిఫర్' అయింది. మేమంతా బుద్ధిగా నోట్సు రాసుకున్నాం.

బెల్లు కొట్టాక వెనక బెంచీ మిత్రుడొకడు, "ఒరే, ఎలుగుబంటి సంగతి సరే. మన పల్నాటి వాళ్ల పేర్లకు అర్థాలేమిట్రా? నీ పేరు చివర ఆ దాసు ఏమిట్రా?" అన్నాడు. వాడు వేళాకోళానికే అన్నాడు. నాకు మాత్రం గుచ్చుకుంది. ఎందుకో చివర మనవి చేస్తాను. ముందు పేర్ల సంగతి చూద్దాం.

మా తాత పల్నాడు నుంచి బతుకుతెరువుకు నూజివీడు వచ్చి మామిడితోటల్లో కాపలా ఉన్నాడు. కాపు మీదున్న రోజుల్లో రాత్రిళ్లు మంచె మీద కూచుని పల్నాటి కథ చెప్పేవాడు. "పేరు వింటే కాయ సంగతి తెలియాలిరా" అనేవాడు. చిన్నరసం, పెద్దరసం అన్నామంటే పిండుకుని తాగే కాయలని అర్థం; అది గుణం. బంగినపల్లి అంటే బనగానపల్లె, అది ఊరు. తోతాపురిని మనవాళ్లు కలెక్టరు కాయ అంటారు, అది హోదా. (హోదా ఎంత ఉన్నా మార్కెట్లో కలెక్టరుకు బంగినపల్లి ధర పలకదనుకోండి!) మనుషుల పేర్లూ అంతే. కొన్ని గుణం చెబుతాయి, కొన్ని దేవుణ్ణో ఊరినో చెబుతాయి, కొన్ని హోదా చెబుతాయి.

కథ తెలియని వారికి రెండు ముక్కల్లో చెబుతాను. గురజాల నేలిన అనుగురాజుకు నలగామరాజు ఒక భార్య కొడుకు, మలిదేవుడూ అతని తమ్ముళ్లూ మరో భార్య కొడుకులు. నలగాముడి పక్షాన నాయకురాలు నాగమ్మ, మలిదేవుడి పక్షాన బ్రహ్మనాయుడు నిలిచారు. మాచర్ల, గురజాల రెండు రాజ్యాలయ్యాయి. కోడిపందెంలో ఓడి మాచర్ల వాళ్లు అరణ్యవాసం చేశారు. గడువు తీరాక తిరిగొచ్చి తమ భాగం అడిగితే దక్కలేదు. రాయబారానికి వెళ్లిన అలరాజుకు విషం పెట్టారు. చివరికి కారెంపూడిలో యుద్ధం. ఇది 1182 ప్రాంతంలో జరిగిందంటారు. ఫ్రాన్సులో క్రెట్యాఁ అనే కవి ఆర్థర్ వీరుల కథలు రాస్తున్నదీ సరిగ్గా ఆ రోజుల్లోనే! శ్రీనాథుడి పేర నడుస్తున్న ద్విపద 'పల్నాటి వీరచరిత్ర'ను అక్కిరాజు ఉమాకాంతం గారు 1911లో అచ్చు వేయించారు.

ఇక గుణం చెప్పే పేర్లు. 'అనుగు' అంటే ప్రియమైన అని అర్థం. అనుగు బిడ్డ, అనుగు తమ్ముడు అంటాం కదా! అందరికీ ప్రియమైన రాజు అనే పేరు పెట్టుకున్నాయన కొడుకులే ఒకరి గొంతు ఒకరు కోసుకున్నారు. నలగాముడంటే నల్లని కాముడు కావచ్చు. కూర, కాయ కలిస్తే 'కూరగాయ' అయినట్టే ఇక్కడా 'క' కాస్తా 'గ' అయిందనుకోవచ్చు. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు, అంటే నెలవంక. పేరుకు తగ్గట్టే పున్నమి చూడకుండా చిన్నతనంలోనే యుద్ధంలో ఒరిగిపోయాడు. కారెంపూడిలో వీరుల ఉత్సవాలు ఏటా కార్తిక అమావాస్యనాడే మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు. అవి సాగుతుండగానే ఆకాశంలో బాలచంద్రుడు కనబడతాడు. ఇది కావాలని పెట్టిన ముహూర్తమో కాదో గాని, నాకు మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

కోళ్లక్కూడా పేర్లున్నాయండీ! బ్రహ్మనాయుడి కోడి చిట్టిమల్లు, అంటే చిన్న వస్తాదు. నాగమ్మ కోడి శివంగి డేగ. ఎర్ర ఈకల పుంజును ఈనాటికీ మన పందెగాళ్లు డేగ అనే పిలుస్తారు. సంక్రాంతికి మన చుట్టుపక్కల బరుల దగ్గర నిలబడిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

దేవుళ్ల పేర్ల దగ్గర కాస్త జాగ్రత్త అవసరం. 'మలి' అంటే తరువాతిది. నలగాముడు ముందు, మలిదేవుడు తరువాత అని అర్థం చెబితే చక్కగా అతుకుతుంది. కాని చక్కగా అతికిందల్లా నిజం కాదు. ఆ రోజుల్లో మల్లిదేవుడనే పేరు రాజుల్లో బాగా వాడుక. శ్రీశైలం మల్లన్న పేరే అది. నా ఓటు దానికే. అలరాజు భార్య పేరిందేవి పేరు కంచి వరదరాజస్వామి దేవేరి పెరుందేవిని తలపిస్తుంది. 'పెరుం' అంటే అరవంలో గొప్ప అని. నాగమ్మ పేరులో నాగదేవత ఉంది. విచిత్రమేమంటే కారెంపూడి పక్కన పారే ఏరు కూడా నాగులేరే. కారెంపూడిని కావ్యంలో 'కార్యమపూడి' అన్నారు.

హోదా చెప్పే పేర్లలోనే అసలు సంగతుంది. 'నాయకుడు' అనే మాట నోళ్లలో అరిగి 'నాయుడు' అయింది. దానికే ఆడరూపం 'నాయకురాలు'. అంటే ఎదురెదురుగా నిలబడి పల్నాటిని రెండు చేసిన బ్రహ్మనాయుడికీ నాగమ్మకూ బిరుదు ఒక్కటే! ఆడమనిషి మంత్రిత్వం చేసిందన్న విషయం ఆ పేరే సాక్ష్యం చెబుతోంది. సినిమాల వల్ల (1947లో ఒకటి, 1966లో ఒకటి 'పల్నాటి యుద్ధం' వచ్చాయి) మనకు ఆమె పంతమే గుర్తుంది గాని, పేరులోని పెద్దరికం గుర్తులేదు.

మూడో హోదా 'దాసు'. మాలపల్లెలో పుట్టి మాచర్ల సేనకు నాయకుడైనవాడు కన్నమదాసు. 'కన్న' అంటే కృష్ణుడే అయి ఉండవచ్చు, కన్నయ్య అంటాం కదా. బ్రహ్మనాయుడు అతణ్ణి కొడుకుగా చూసుకున్నాడని, అన్ని కులాల వాళ్లనూ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టించాడని కథ. అదే చాపకూడు. ఆర్థర్ రాజుకు గుండ్రబల్ల ఉందని 1155లో వేస్ అనే కవి మొదటిసారి రాశాడు. ఆ బల్ల చుట్టూ కూచున్న వాళ్లంతా దొరలే. మన చాప మీద చాకలీ మంగలీ మాలా అందరూ కూచున్నారు.

ఇప్పుడు నా సంగతి. పదో తరగతిలో నామినల్ రోల్సు పంపేటప్పుడు పేర్లు మార్చుకునేవాళ్లు ఇప్పుడే మార్చుకోవాలి, సర్టిఫికెట్ మీద పడితే ఇక కుదరదన్నారు. 'దాసు' తీసేయించుకుందామని నా ఆరాటం. "ఒరే దాసూ, మంచినీళ్లు తేరా" అని క్లాసులో ఆట పట్టించేవాళ్లు. ఇంటికొచ్చి చెబితే తాత మండిపడ్డాడు.

"దాసంటే ఎవరికిరా దాసు? మాచర్ల చెన్నకేశవుడికి దాసు. మనుషులకు కాదు. నాయుడితో ఒకే చాప మీద తిన్నోడి పేరు నీకు పెట్టుకున్నాను" అన్నాడు.

నేనూ ఊరుకోలేదు. "చాప మీద అందరూ ఒకటే గాని, లేచాక నాయుడు నాయుడే, దాసు దాసే గదా తాతా?" అన్నాను.

తాత చాలాసేపు మాట్లాడలేదు. చుట్ట ఆరిపోయింది. ఆఖరికి, "అందుకేరా ఆ పోరు ఇంకా తెగలేదు. ఏటేటా మళ్లీ మొదలెడతన్నారు" అన్నాడు.

మర్నాడు వెళ్లి నా పేరు ఉన్నదున్నట్టుగా రాయించాను. ఇప్పుడు నా హాల్ టికెట్ మీద ఉన్నది ఆ పేరే.

2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు మన నూజివీడు ఏలూరు జిల్లాలో కలిసింది. అప్పుడే పల్నాడు పేరున కొత్త జిల్లా వచ్చింది. ఆ కబురు పేపర్లో చదివి వినిపిస్తే తాత, "ఊరొదిలి వచ్చాక ఇన్నాళ్లకు మా వైపు పేరు సర్కారు కాగితం మీదికెక్కింది" అని మురిసిపోయాడు. మొన్న మామిడి కాపుకు ఆయన లేడు.

సెలవులకు ఇళ్లకు వెళ్లినప్పుడు మీ పేరు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో పెద్దవాళ్లను అడగండి. చెప్పేవాళ్లు ఉండగానే అడగండి. ఆ వెనక బెంచీ మిత్రుడికి నా జవాబు ఇదే.