ఆగి ఉన్న లారీని మీ కారు అడాస్ చూస్తుందా? నల్గొండ హైవే మీద రాత్రి పార్కింగ్ సంగతి

షికాగోలో ఉండే మనవాళ్లకు డిసెంబర్ 1 వచ్చిందంటే పార్కింగ్ టెన్షన్ మొదలు. ఏప్రిల్ 1 దాకా, మొత్తం 107 మైళ్ల మెయిన్ రోడ్ల మీద తెల్లవారుజామున 3 నుంచి 7 గంటల మధ్య కారు పెట్టకూడదు. మంచు పడినా పడకపోయినా టో చేసేస్తారు.

మన నల్గొండ, మహబూబ్‌నగర్‌లలో మంచు కురవదు కానీ, చలికాలం తెల్లారగట్ల పొగమంచు దిగుతుంది. చౌటుప్పల్ దాటాక 65వ నంబర్ హైవే మీదైనా, జడ్చర్ల దగ్గర 44 మీదైనా అప్పుడు నాకు భయం వేసేది ఎదురొచ్చే లారీని చూసి కాదు. దాబా ముందు లైట్లన్నీ ఆర్పేసి, సగం రోడ్డు మీదే నిద్రపోతున్న లారీని చూసి.

రూల్స్ మనకూ ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 ప్రకారం ఇతరులకు ప్రమాదం కలిగేలా బండిని రోడ్డు మీద వదలకూడదు. 10 గంటలు, అంతకు మించి అలా వదిలేస్తే సెక్షన్ 127 కింద పోలీసులు లాగించేయొచ్చు. వీటికన్నా అసలైనది కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని రూల్ 109. బండి రోడ్డు మీద ఆగి ఉన్నా పార్కింగ్ లైట్లు వెలుగుతూనే ఉండాలి, వెనక రెండు ఎర్రవి తప్పనిసరి. బ్యాటరీ దిగిపోతుందన్న భయం పాత బల్బుల కాలంలో అయితే సరే. ఎల్‌ఈడీలు తినే కరెంటెంత?

ఇక మన సబ్జెక్టుకి వద్దాం. ‘అడాస్ ఉంది కదా, బ్రేక్ అదే వేస్తుంది’ అనుకునేవాళ్లు ఒకసారి ఓనర్స్ మాన్యువల్ తీయండి. స్పీడ్‌లో ఉన్నప్పుడు ఆగి ఉన్న వాహనాన్ని గుర్తించకపోవచ్చని చాలా కంపెనీలు అందులో రాసే పెడతాయి. రాడార్‌కి సైన్‌బోర్డు, బ్రిడ్జి రెయిలింగ్, ఆగిన లారీ అన్నీ కదలని వస్తువులే. ప్రతిదానికీ బ్రేక్ వేస్తే కారు ముందుకే పోదు, అందుకే సాఫ్ట్‌వేర్ వాటిలో చాలావాటిని పక్కన పెట్టేస్తుంది. కెమెరాకేమో పొగమంచులో మన కళ్లకున్న తిప్పలే. గంటకు 100 కిలోమీటర్ల స్పీడ్‌లో సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతామని మర్చిపోవద్దు.

డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ గురించి అడిగేవాళ్లకు ఒక మాట: గుద్దింది ఎవరో అది రికార్డు చేస్తుంది, గుద్దకుండా ఆపలేదు. ఇంట్లో ట్రాక్టర్ ఉంటే ముందు ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేప్ అంటించండి. దానికి ఛార్జింగ్ అక్కర్లేదు, అప్‌డేట్ అక్కర్లేదు. వడ్ల సీజన్‌లో రాత్రిపూట రోడ్డు పక్కన ఆగే ట్రాలీలు ఎన్నో మీకు తెలిసిందే.

హైవే మీద మీ కారే ఆగిపోతే హజార్డ్ లైట్లు వేయండి, ట్రయాంగిల్‌ని బాగా వెనక్కి నడిచి పెట్టండి, అందరూ రెయిలింగ్ అవతలికి వెళ్లండి. ఫోన్ తీసేది ఆ తర్వాతే. నేషనల్ హైవే హెల్ప్‌లైన్ 1033, 24 గంటలూ పనిచేస్తుంది.