శైలిపత్రములకు పరీక్షలు

2016 అక్టోబరు 11వ తేదీన నాటి మహబూబ్‌నగర్ జిల్లా నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అను మూడు క్రొత్త జిల్లాలు ఏర్పడినవి. జిల్లా ఏర్పడినపుడు కచేరీల బోర్డులును, ముద్రలును, దరఖాస్తు కాగితములును మారిన చాలదు. ఈ కాలమున అంతర్జాల పుటలలోను ఆ పేర్లు సరిగా కనుపింపవలయును. ఈ మూడు పేర్లను ఒకసారి వ్రాసి చూడుడు. గద్వాలలో దకారమునకు వకారము వత్తుగా చేరినది. వనపర్తిలో రేఫకు తకారము చేరినది. నాగర్‌కర్నూల్ సంగతి వేరు. "నాగర్" అని ఆగి, "కర్నూల్" అని మరల మొదలిడవలయును. యంత్రముపై ఈ పేరు కూర్చునపుడు రేఫ పొల్లునకును కకారమునకును నడుమ కంటికి కనుపించని చిహ్నమొకటి ఉంచవలెను. ఉంచనిచో కకారము వత్తుగా దిగి "నాగర్కర్నూల్" అగును. చిత్రమేమనగా, అదే పేరులో కొంచెము ముందునకు పోయినచో రేఫయు నకారమును కలిసియే ఉండవలయును. అచట ఆ చిహ్నము పనికిరాదు.

ఈ చిహ్నమునకు యూనికోడు పట్టికలో 200సి అను సంఖ్య కలదు. వెడల్పు లేని విభాజకమని దానిని అనుకొందము. ఇంత చిన్న చిహ్నము ఎచట జారిపోవునో తెలియవలెనన్నచో శైలిపత్రముల సంగతి కొంత తెలియవలయును.

అంతర్జాల పుటలో చెప్పదగిన విషయము ఒకచోటను, అది కనుపించు తీరు మరియొకచోటను ఉండును. అక్షరముల పరిమాణము, రంగు, పంక్తుల ఎడము మొదలగువానిని నిర్ణయించు భాగమే శైలిపత్రము. ఆంగ్లేయులు స్టైల్‌షీట్ అందురు. నేడు వాడుకలోనున్న సిఎస్ఎస్ అను పద్ధతిని 1994లో హోకున్ వియుమ్ లీ ప్రతిపాదించెను. 1996 డిసెంబరులో అది ప్రమాణముగా వెలువడినది. శైలిపత్రమున అక్షరములే ఉండవని అనుకొనరాదు. పెద్ద పట్టికను చిన్న ఫోనుపై మడిచి చూపునపుడు ఒక్కొక్క వరుసకు ముందు వచ్చు శీర్షిక పెక్కుసార్లు శైలిపత్రమునుండియే వచ్చును. ఆ శీర్షిక జిల్లా పేరే కావచ్చును.

వ్రాసిన శైలిపత్రము వ్రాసినట్లే పాఠకుని చేరదు. దానిని దారిలో కొన్ని ఉపకరణములు సవరించును. వీనిలో ప్రసిద్ధమైనది 2013లో ఆంద్రే సిత్నిక్ ఆరంభించిన పోస్ట్‌సిఎస్ఎస్. అది పత్రమును చదివి, కొమ్మలు రెమ్మలుగా విడదీసి, ప్లగిన్లు అను చిన్న సాధనములకు అప్పగించి, వాని పని ముగిసిన పిమ్మట మరల పాఠముగా వ్రాయును. తాను స్వయముగా ఏ మార్పును చేయదు; మార్పులన్నియు ప్లగిన్లవే. ఒకటి పాత బ్రౌజర్లకు వలసిన పంక్తులు చేర్చును. వేరొకటి ఖాళీలను, వ్యాఖ్యలను తొలగించి బరువు తగ్గించును.

ప్లగిన్‌ను పరీక్షించు విధానము సులభము. ఇచ్చెడి పాఠమొకటి, రావలసిన పాఠమొకటి వ్రాసి పెట్టుదురు. యంత్రము మొదటిదానిని ప్లగిన్‌కు అందించి, వచ్చినదానిని రెండవదానితో అక్షరాక్షరమును పోల్చును. హెచ్చరిక లేమైన వెలువడినవా అనియు చూచును. ప్రోగ్రాములో ఏ చిన్న మార్పు జరిగినను ఈ పరీక్షలన్నియు తమంతట తామే మరల నడచును. అయితే క్రొత్తగా వ్రాయువారు ప్లగిన్ మార్చవలసినదానిని మార్చినదా అనియే పరీక్షింతురు. అది సగము పనియే. ముట్టరానిదానిని ముట్టలేదని నిరూపించు పరీక్ష అంతకన్న ముఖ్యమని నా అభిప్రాయము. గద్వాల చీరను బేరమాడు ఇల్లాలు నూలు ఒడలు, పట్టు అంచు వేరువేరుగా చూచి ఊరకుండునా? రెండును కలియు చోటనే వ్రేలు పెట్టి చూచును.

ఒక ఉదాహరణ చెప్పెదను. ఏ అక్షరములకు ఏ ఫాంటు వాడవలయునో శైలిపత్రమున సంఖ్యల హద్దులతో తెలుపవచ్చును. యూనికోడులో తెలుగునకు 0సి00 మొదలు 0సి7ఎఫ్ వరకు 128 స్థానములు. వెంటనే 0సి80 మొదలు 0సిఎఫ్ఎఫ్ వరకు కన్నడమునకు 128 స్థానములు. గద్వాల సరిహద్దు దాటిన రాయచూరు వచ్చినట్లే, పట్టికలోను తెలుగు హద్దు దాటిన కన్నడమే. ఈ హద్దులను కుదించి వ్రాయు ప్లగిన్ సిఎస్ఎస్ నానో అను సంపుటిలో కలదు. 256 స్థానములును కావలసినపుడు "0సి??" అని కుదించుట సరియే. తెలుగు సగమును మాత్రమే ఇచ్చినపుడు కుదింపరాదు. కుదించినచో కన్నడ అక్షరము కనుపించినంతనే బ్రౌజరు తెలుగు ఫాంటును తెచ్చుకొనును. అందు ఆ అక్షరము లేక మరియొక ఫాంటును వెదకును. పుట చూపునకు బాగుగనే ఉండును, ఫోనువాని డేటా మాత్రము వృథా. కంటికి దొరకని తప్పు గనుక తెలుగు హద్దును ఇచ్చి, అదే హద్దు మార్పులేక తిరిగి రావలయునను పరీక్ష తప్పక ఉండవలెను.

మన విభాజకమునకు కలుగు ముప్పు వేరు. 200బి మొదలు 200డి వరకు గల కనుపించని చిహ్నములను చెత్తగా నెంచి కొట్టివేయు ఆజ్ఞ ప్రోగ్రామర్లలో మిక్కిలి ప్రచారమున నున్నది. తెలుగు చదువరాని దూరదేశపు ప్లగిన్‌కర్త దానిని వాడినచో ఆయనకు తప్పు తోచదు. నాగర్‌కర్నూల్ విద్యార్థికి మాత్రము తన ఊరి పేరు తప్పుగా కనుపించును. మూడు జిల్లాల పేర్లను పరీక్షగా వ్రాసి పంపినచో, తెలుగు రానివాని యంత్రము సైతము ఆ తప్పును పట్టును. విభాజకముతో నాగర్‌కర్నూల్ 13 సంకేతములు. అది పోయినచో 12. గద్వాల, వనపర్తి ఉన్నవున్నట్లే రావలయును. లేనిపోని విభాజకము చేర్చు ప్లగిన్‌ను అవి పట్టును.

ఇచట ఒక జాగ్రత్త. కొందరు రావలసిన పాఠమును తాము వ్రాయక, ప్లగిన్ ఇచ్చినదానినే భద్రపరచి, ఇకమీద ఇదియే సరియైనదని నిర్ణయింతురు. శ్రమ తగ్గునుగాని, మొదటనే తప్పు జరిగినచో ఆ తప్పే శాసనమగును. కనుపించని చిహ్నమును భద్రపరచిన ప్రతిలో ఎవరు వెదకగలరు? అందువలన పరీక్షలో విభాజకమును నేరుగా ఉంచక, 200సి అను సంఖ్యతో వ్రాయుట మేలు. చదువువానికి అది అచట ఉన్నదని తెలియును.

మరియొక పరీక్షయు అవసరము. 2020లో వచ్చిన పోస్ట్‌సిఎస్ఎస్ 8వ కూర్పు, మార్పు జరిగిన భాగమును ప్లగిన్లకు మరల చూపును. చూచిన ప్రతిసారియు ఒక పంక్తి చేర్చు ప్లగిన్ ఇక ఆగదు. కావున ఒకసారి వచ్చిన ఫలితమునే మరల ప్లగిన్‌కు ఇచ్చి, రెండవమారు మార్పేమియు రాలేదని చూడవలయును. మనము చెప్పుకొన్న మూడు పేర్లను, తెలుగు హద్దును ఒకే చిన్న పత్రములో కూర్చి ఇట్లు రెండుసార్లు నడిపించుటకు పది పంక్తుల ప్రోగ్రాము చాలును.