వికలాంగులకు ఉద్యోగము: రేపటి యజమానుల మనోవైఖరి

కొత్తకోటలో ఒక రైసుమిల్లు యజమాని లెక్కలు వ్రాయుటకు గుమాస్తాను వెదకుచున్నాడనుకొందాము. ఇద్దరు బి.కాం. పట్టభద్రులు వచ్చినారు. మార్కులు సమానము, అనుభవమును సమానమే. వారిలో ఒకరు చక్రాల కుర్చీలో వచ్చినారు. యజమాని ఎవరిని ఎన్నుకొనును? నేడు వాణిజ్యశాస్త్రము చదువు విద్యార్థియే రేపు ఆ యజమాని స్థానమున కూర్చుండును గనుక, ఈ ప్రశ్న తరగతి గదిలోనే అడుగదగినది.

ఒక విషయమును గురించి మనకు గల నమ్మకము, అనుభూతి, ప్రవర్తించు మొగ్గు - ఈ మూడును కలిసినదే మనోవైఖరి. దీనిని కొలుచుటకు 1932లో రెన్సిస్ లికర్ట్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక పద్ధతిని ప్రకటించెను. 'వికలాంగుడు మంచి గుమాస్తా కాగలడు' వంటి వాక్యమునిచ్చి, 'పూర్తిగా అంగీకరింతును' మొదలు 'బొత్తిగా అంగీకరింపను' వరకు ఐదు మెట్లలో ఒకదానిని గుర్తింపుమందురు. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. మంచివారనిపించుకొనవలెనని పలువురు మనసులోని మాట దాచి, మెచ్చదగిన జవాబునే గుర్తింతురు.

అందుచేత మాటను గాక చేతను కొలువవలెను. అమెరికాలో కొందరు పరిశోధకులు 6,016 అకౌంటింగు ఉద్యోగములకు కల్పిత దరఖాస్తులు పంపిరి. కొన్నింటిలో మాత్రము వెన్నుపాము దెబ్బనో, ఆస్పర్జర్ లక్షణములనో పేర్కొనిరి. ఇవి లెక్కల పనికి అడ్డురానివి. అయినను ఆ దరఖాస్తులపై యజమానులు చూపిన ఆసక్తి 26 శాతము తక్కువగా నుండెను. 2015లో వెలువడిన ఈ ఫలితమును బట్టి, అడ్డు అభ్యర్థి శరీరములో కాక ఎదుటివాని అంచనాలో నున్నదని తేలుచున్నది.

ఆ అంచనా తప్పగుటకు ఒక తెలుగువాడే నిదర్శనము. మచిలీపట్నము ప్రాంతమున పుట్టుకతో చూపులేని బొల్లా శ్రీకాంత్‌కు పదవ తరగతి పిమ్మట సైన్సు చదువ వీలులేదనిరి. ఆయన న్యాయస్థానము ద్వారా అనుమతి పొంది చదివెను, అమెరికాలోని ఎం.ఐ.టి.లో వ్యాపార నిర్వహణ అభ్యసించెను. 2012లో హైదరాబాదున బొల్లాంట్ పరిశ్రమను స్థాపించి, వికలాంగులకు పని కల్పించెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రభుత్వోద్యోగములలో 4 శాతము కేటాయించినది. ప్రైవేటు సంస్థలకు అట్టి నిర్బంధము లేదు. 5 శాతము నియమించువారికి ప్రోత్సాహకములు మాత్రమే చెప్పబడినవి. కనుక మిల్లులోను దుకాణములోను ఉద్యోగము దొరకుట చాలవరకు యజమాని వైఖరిపైననే ఆధారపడును.

వైఖరి మారునా? సమాన హోదాతో, ఒకే లక్ష్యమునకై, పెద్దల ప్రోత్సాహముతో కలిసి పనిచేసినవారిలో దురభిప్రాయములు తగ్గునని గార్డన్ ఆల్‌పోర్ట్ 1954లో వివరించెను. జాలితో చేయు సాయము ఇందుకు చాలదు. తరగతిలో వికలాంగ విద్యార్థికి ప్రయోగ జట్టులో సరిసమానమైన పని అప్పగించుట ఉపాధ్యాయుడు నేడే చేయగల పని. అట్టి జట్టులో పెరిగిన యజమాని చక్రాల కుర్చీని కాక, లెక్కల పుస్తకమును చూచును.