సెల్‌ఫోను – యువజనుల మనశ్శాంతి

కృష్ణానది సముద్రమును కలియు చోట, దివిసీమ కొనలో హంసలదీవి కలదు. జనుల పాపములు సోకి కాకిరూపము దాల్చిన గంగ, అనేక తీర్థములలో మునుగుచు వచ్చి, ఇచ్చటి సంగమమున స్నానమాడి హంసయైనదని స్థలపురాణము. మాఘపౌర్ణమినాడు వేలకొలది జనులు ఇచ్చట సాగరస్నానము చేసి వేణుగోపాలస్వామిని దర్శించుకొందురు. కాకిని హంసగా మార్చుటకు నేడు సంగమము వరకు పోనక్కరలేదు. సెల్‌ఫోనులో ఒక మీట నొక్కిన చాలును. ఎండకు కమిలిన మోము తేటపడును. ఇందు వేడుకయే గాని దోషము లేదు. చిక్కెక్కడననగా, చూచువాడు ఎదుటివాని హంసను తనలోని కాకితో పోల్చుకొనును.

పోల్చుకొనుట మనుష్యస్వభావము. తన్ను కొలుచుకొనుటకు వేరు కొలబద్ద లేనప్పుడు మానవుడు తోడివారితో సరిచూచుకొనునని లియాన్ ఫెస్టింజర్ అను అమెరికా మనస్తత్త్వవేత్త 1954లో ప్రతిపాదించెను. పూర్వము గుడివాడలో చదువుకొను కుర్రవాడు తన తరగతివారితో పోల్చుకొనెడివాడు. వారి కష్టములును అతని కన్నుల ఎదుటనే ఉండెడివి. నేడు చదువు ముగించి ఇంటిపట్టున ఉద్యోగమునకై వేచియున్న యువకునికి, హైదరాబాదులోనో అమెరికాలోనో ఉన్న సహాధ్యాయి కొత్తకారు కనబడును. ఆ కారు అప్పు వాయిదాలు గాని, ఆ సహాధ్యాయి ఒంటరితనము గాని కనబడవు. నేనొక్కడనే వెనుకబడితినను దిగులు అట్లు పుట్టును.

రెండవ కారణము ఈ మాధ్యమముల నిర్మాణములోనే ఉన్నది. వ్రేలితో జరిపినకొలది తరగక వచ్చు తెర 2006లో రూపొందినది. ఫేస్‌బుక్ లైక్ మీటను 2009లో ప్రవేశపెట్టెను. మెప్పు ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో తెలియదు. చేప ఎప్పుడు పడునో తెలియని గాలపువాడు గట్టు విడువలేనట్లే యువకుడు ఫోను విడువలేడు. ఇచ్చట మా వృత్తికి సంబంధించిన మాటయొకటి చెప్పవలసియున్నది. విజయవాడ రేడియో కేంద్రము 1948 డిసెంబరు 1న ఆరంభమైనది. ఆ దినములలో రాత్రి ప్రసారము ముగిసినదని చెప్పి మా పెద్దలు సెలవు తీసికొనెడివారు; శ్రోతలు దీపమార్పి నిద్రించెడివారు. చేతిలోని ఫోను ఎన్నడును సెలవు తీసికొనదు. నిద్ర చెడినచో మరునాటి చిన్న మాటయు పెద్ద గాయమగును.

2018లో ప్రచురితమైన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధనలో 143 మంది విద్యార్థులు పాల్గొనిరి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, స్నాప్‌చాట్‌లను మూడు వారములపాటు దినమునకు ఒక్కొక్కదానిని 10 నిమిషములకే పరిమితము చేసికొన్నవారిలో ఒంటరితనము, దిగులు తగ్గినవి. అయితే 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు పెక్కువేల మంది కౌమారవయస్కుల వివరములను పరిశీలించి, యంత్రవినియోగమునకును మనఃక్షేమమునకును గల సంబంధము సగటున మిక్కిలి స్వల్పమని తేల్చిరి. అనగా హాని అందరికి సమానము కాదు. ముందే దిగులుతో ఉన్నవారు మరింత జాగ్రత్త పడవలెను.

ఫోనును పారవేయుడని మేము చెప్పము. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొన్నప్పుడు, ఆ ఘోరము పూర్తిగా బయటికి తెలియుటకు దినములు పట్టినది. నేడు వార్త క్షణములో చేరును. వార్త చేరుట వేరు, మనిషి చేరుట వేరు.

కావున పడుకొను గదిలోనికి ఫోనును తీసికొని పోకుండుట, చూచుటకు ఒక వేళను ఏర్పరచుకొనుట, చూచిన పిదప మనసు బరువెక్కుచున్నదా యని తన్ను తాను ప్రశ్నించుకొనుట మేలు. ఇంటివారు మందలించుటకు ముందు ప్రక్కన కూర్చుండి వినవలెను. దిగులు వారములు గడచినను తీరకున్నచో దానిని దాచరాదు. 2022 అక్టోబరు 10న ఆరంభమైన ప్రభుత్వ టెలీమానస్ సేవ 14416 నంబరున రేయింబవళ్ళు ఉచితముగా, తెలుగులోను లభించును. యువకుని దిగులునకు కారణమైన ఆ ఫోనే, ఆ పిలుపునకు సాధనము కూడ కాగలదు.