చందమామలో మిగిలిన మడ్డి

ఉయ్యూరు, పామర్రు వైపు చెరకు రైతులకు ఇది కొత్త సంగతి కాదు. ఫ్యాక్టరీలో చెరకురసాన్ని చిక్కగా కాస్తే పంచదార పలుకులు కడుతుంది. పలుకులో ఇమడనిదంతా నల్లటి మడ్డిగా మిగిలిపోతుంది. చందమామ రాళ్లలో అరుదైన ఖనిజాలు పుట్టిన కథా ఇలాంటిదే!

దాదాపు 450 కోట్ల ఏళ్ల కిందట, పుట్టిన కొత్తలో చంద్రుడి పైభాగమంతా కరిగిన రాతి సముద్రం. అది చల్లారుతుంటే బరువైన ఆలివిన్, పైరాక్సీన్ పలుకులు అడుక్కి దిగాయి. తేలికైన ప్లేజియోక్లేజ్ పైకి తేలి, మీగడలా గడ్డకట్టింది. చందమామ మీద తెల్లగా మెరిసే చోట్లన్నీ ఆ మీగడే. శ్రీహరికోట నుంచి వెళ్లి 2023 ఆగస్టు 23న దక్షిణ ధ్రువం దగ్గర్లో దిగిన చంద్రయాన్-3 అక్కడి మట్టిని పరీక్షించి పంపిన వివరాలూ ఈ కథనే బలపరిచాయి.

మరి మడ్డి ఏమైంది? లాంథనం, సీరియం, నియోడిమియం లాంటి అరుదైన మూలకాల అయాన్లు పెద్దవి. తొలి పలుకుల్లో వాటికి చోటు దొరకలేదు. పొటాషియం, ఫాస్ఫరస్‌లదీ అదే పరిస్థితి. అన్నీ చివరిదాకా ద్రవంలోనే ఉండిపోయాయి. 1969లో అపోలో-12 తెచ్చిన నమూనాల్లో ఈ మిశ్రమాన్ని గుర్తించిన శాస్త్రవేత్తలు దానికి ‘క్రీప్’ అని పేరుపెట్టారు. అది కలిసిన శిలల్లో ఫాస్ఫరస్, కాల్షియంతో జతకట్టి మెరిల్లైట్, ఎపటైట్ ఖనిజాలుగా మారింది. కాల్షియం కూర్చోవాల్సిన కొన్ని చోట్ల అరుదైన మూలకాలు సర్దుకున్నాయి.

ఒక్క యూరోపియం మాత్రం చాలావరకు తనవాళ్లను వదిలి మీగడతో వెళ్లిపోయింది. క్రీప్‌లో కనిపించే ఆ లోటే ఈ కథకు గట్టి సాక్ష్యం!

సెల్‌ఫోన్లకూ, కరెంటు వాహనాల మోటార్లకూ ఈ మూలకాలు కావాలి. అందుకే చంద్రుణ్ని తవ్వేద్దామన్న మాటలు వినిపిస్తుంటాయి. కానీ భూమికున్న సదుపాయం అక్కడ లేదు... అదే నీరు. మన తూర్పు కనుమల రాళ్లు అరిగితే, ఆ రేణువుల్ని నదులు మోసుకొచ్చాయి. కెరటాలు తేలికపాటి ఇసుకను చెరిగేసి, బరువైన మోనజైట్‌ను భీమిలి లాంటి తీరాల్లో పోగుచేశాయి. మోనజైట్ నిండా అరుదైన మూలకాలే. చంద్రుడి మీద నదుల్లేవు, కెరటాల్లేవు. వేడి ఒకసారి వేరుచేసిందే తప్ప, మళ్లీ చెరిగే చేట లేదు. అందుకే క్రీప్ శిలల్లో ఈ మూలకాల మోతాదు భూమ్మీది మంచి గనులకన్నా చాలా తక్కువ.

కాబట్టి ఇప్పటికి చందమామ మడ్డి విలువ సొమ్ములో కాదు, అది చెప్పే పుట్టుక కథలోనే ఉంది. సొమ్ము సంగతంటారా... మన తీరం ఇసుకే నయం!