కడుపు లాకులు

రండర్రా, అరుగు మీదికి రండి. ఆ చాప ఇలా లాగండి. నిన్న మన చిన్నోడు అడిగాడు కదా, "తాతా, బరువు తగ్గడానికి పొట్ట కోయించుకుంటే ఇక ఆకలే వెయ్యదా?" అని. మంచి ప్రశ్నరా అబ్బాయ్! ఇదివరకు మన అమలాపురం వైపు ఈ మాటే వినపడేది కాదు. ఇప్పుడు కొత్తపేటనుంచి ఒకరు, రాజోలునుంచి ఒకరు పట్నం వెళ్లి చేయించుకొస్తున్నారు. వచ్చాక ఏం తినాలో వాళ్లకి అయోమయం, ఏం పెట్టాలో ఇంట్లోవాళ్లకి అయోమయం.

బొబ్బర్లంక లాకులు చూశారా ఎప్పుడైనా? కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టించాక, గోదారి నీళ్లు అక్కణ్నుంచే మన సీమ కాలవల్లోకి దిగుతున్నాయి. తలుపు ఎంత ఎత్తితే అంతే నీరు. కడుపూ అంతేనర్రా. తిన్నదంతా నిలవ ఉంచుకుని, బాగా నలిపి, అడుగు తలుపు కాస్త కాస్త తీసి పేగులోకి వదులుతుంది. స్లీవ్ ఆపరేషన్‌లో కడుపు ముప్పాతిక వంతు తీసేస్తారు, తలుపు మాత్రం ఉంచుతారు. బైపాస్ అని ఇంకోటుంది. 1966లో అమెరికాలో ఎడ్వర్డ్ మేసన్ అనే డాక్టరు మొదలెట్టాడు. ఇప్పటి పద్ధతిలో రెండు పెద్ద చెంచాలు పట్టేంత తిత్తి మిగిల్చి, దాన్ని నేరుగా పేగుకే కలిపేస్తారు. అంటే దారిలో లాకు లేదన్నమాట.

ఇక ఆకలి సంగతి. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే పదార్థాన్ని 1999లో జపాన్ వాళ్లు కనిపెట్టారు. అది ఎక్కువగా తయారయ్యేది కడుపు పైభాగంలో. స్లీవ్‌లో ఆ భాగమే పోతుంది కాబట్టి కొన్నాళ్లు ఆకలి బాగా మందగిస్తుంది. తరవాత మెల్లిగా మళ్లీ వస్తుంది. అందుకే మొదటి ఏడాదిలో పడ్డ అలవాట్లే చివరిదాకా కాపాడతాయి.

బైపాస్ అయినవాళ్లు ఆత్రేయపురం పూతరేకు ఒకటి నోట్లో వేసుకున్నారనుకోండి. లాకు లేదు కదా, పంచదారంతా ఒక్కసారిగా పేగులోకి వరదలా దూకుతుంది. కాసేపటికే చెమటలు, గుండె దడ, కడుపులో మెలి, విరేచనాలు. దీన్నే డంపింగ్ అంటారు. గంటా రెండు గంటలు పోయాక నెత్తురులో చక్కెర పడిపోయి చేతులు వణకొచ్చు కూడా. ఎక్కువ పాపం తీపిదే కాబట్టి మందు కూడా సులువే: తీపి మానాలి, కొంచెం కొంచెం నమిలి తినాలి, అన్నంతోపాటు నీళ్లు తాగకుండా అరగంట ఆగాలి. మొదట గుడ్డు, చేప, పప్పు తిని, చోటు మిగిలితే అన్నం.

మొదటి రోజుల్లో భయపడాల్సినవి వేరే ఉన్నాయి. కుట్టు దగ్గర కారితే జ్వరం, గుండె వేగం, కడుపునొప్పి వస్తాయి. కాలి పిక్క వాచినా, ఊపిరి ఆడకపోయినా నెత్తురు గడ్డ కట్టిందేమో చూడాలి. అలాంటప్పుడు వాము నీళ్లు కాస్తూ కూర్చోకూడదు, ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి. మూడు నాలుగు నెలలకి జుట్టు ఊడితే మాత్రం బెంగ పడక్కర్లేదు, చాలామందికి మళ్లీ వస్తుంది.

అసలు కిటుకు ఇక్కడుంది వినండి. కడుపు చిన్నదైంది గానీ ఒంటి అవసరం చిన్నదవలేదు. బి1 విటమిన్ ఒంట్లో రెండు మూడు వారాలకి మించి నిలవుండదు. వాంతులు ఆగకపోతే అది అడుగంటి, ఒకటి రెండుగా కనిపించి, నడక తూలి, మతి తడబడుతుంది. ఇదేం కొత్త జబ్బు కాదు. మన సర్కారు జిల్లాల సిపాయిల్ని బాధించిన బెరిబెరికి దగ్గర చుట్టం. 1835లోనే మాల్కంసన్ అనే మద్రాసు సైన్యం డాక్టరు దానిమీద పుస్తకం రాశాడు గానీ కారణం తెలీలేదు. తవుడు పోయేలా తెల్లగా చేసిన బియ్యమే దోషి అని తరవాత తేలింది. కాబట్టి వాంతులతో నీరసించిన వాళ్లకి ఆర్ఎంపీ చేత గ్లూకోజ్ బాటిల్ పెట్టించెయ్యకండి. బి1 లేకుండా గ్లూకోజ్ ఎక్కితే మిగిలిన కాస్తా ఖర్చయిపోతుంది. ముందు బి1 ఇంజెక్షన్ పడాలి.

బి12 అయితే కాలేయంలో ఏళ్లకి సరిపడా నిలవుంటుంది, అందుకే లోటు ఆలస్యంగా బయటపడుతుంది. ఐరన్, కాల్షియం, ఫోలిక్ ఆమ్లం కూడా తగ్గిపోవచ్చు, అందుకే వీటన్నిటి మాత్రలు జన్మంతా వేసుకోవాల్సిందే. ఫోలిక్ ఆమ్లం అంటే గుర్తొచ్చింది! నది అవతల భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు, తిన్నది ఒంటికి పట్టని స్ప్రూ జబ్బుతో అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నారు. అమెరికా వెళ్లి లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. ఎంత గొప్ప మాటర్రా ఇది!

చివరగా ఒక్కటి. మనది కొసరి కొసరి వడ్డించే సీమ. "ఇంకో ముద్ద, మా మీద ఒట్టు" అంటే గానీ మనకి మర్యాద చేసినట్టుండదు. ఆపరేషన్ చేయించుకున్న చుట్టాలు చాలు అన్నారంటే మాత్రం, విస్తరి ముందునుంచి గరిటె వెనక్కి తీసుకోండి. ఆయ్, అదే వాళ్లకి మనం చేసే మర్యాద.