పాలపంటి మీద వెండి చుక్క

మూడేళ్ల పాప నోరు తెరిస్తే పై ముందుపళ్ల మొదళ్లలో గోధుమరంగు గుంటలు, వెనక దవడపన్నులో మిరియపు గింజ పట్టేంత రంధ్రం కనిపిస్తాయి. డాక్టరు, తల్లి మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చుంటారు. పాప కాళ్లు అమ్మ నడుముకు అటూ ఇటూ, తల డాక్టరు ఒళ్లో. పెదవులకు వాజలిన్ రాసి, బుగ్గకూ పంటికీ మధ్య దూది ఉండ పెట్టి, పుచ్చిన చోటును తడి లేకుండా తుడుస్తారు. చిన్న ప్లాస్టిక్ గిన్నెలో ఒకే ఒక్క చుక్క మందు. అందులో సన్నటి బ్రష్షు ముంచి గుంటలో నిమిషంపాటు అద్దుతారు. ఇంజెక్షన్ లేదు, డ్రిల్లు మోత లేదు. ఇనుప రుచి తగిలి పాప మొహం చిట్లిస్తుంది. ఆ పూటకు వైద్యం అయిపోయింది.

ఆ మందు పేరు సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. డాక్టర్లు పొట్టిగా ఎస్‌డీఎఫ్ అంటారు. వెండి, ఫ్లోరైడ్ రెండూ ఉన్న ఈ ద్రవానికి జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయంలో 1960ల చివర మిజుహో నిషినో చేసిన పరిశోధన పునాది వేసింది. వెండితో పంటి పుచ్చును ఆపాలన్న ఆలోచన అంతకంటే పాతది. బోస్టన్‌లో పెర్సీ హో 1917లోనే అమ్మోనియా కలిపిన సిల్వర్ నైట్రేట్ వాడారు. అయినా అమెరికాలో ఎస్‌డీఎఫ్‌కు అనుమతి వచ్చింది 2014లో, అదీ పళ్లు జివ్వుమనడం తగ్గించే మందుగా. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది.

పన్ను పుచ్చితే పురుగు తొలిచిందని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. నిజానికి అక్కడ పనిచేసేది ఆమ్లం. నోటిలోని బ్యాక్టీరియా తీపిని తిని ఆమ్లాన్ని వదులుతుంది. పంటి మీది తడి పీహెచ్ దాదాపు 5.5 కంటే దిగితే పింగాణి పొరలోని కాల్షియం, ఫాస్ఫేట్ కరగడం మొదలవుతాయి. లాలాజలం మెల్లగా ఆ ఆమ్లాన్ని విరిచి, పోయిన ఖనిజాలను తిరిగి పంటికి అందిస్తుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది. అందుకే పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల పై ముందుపళ్లు ముందుగా పుచ్చుతాయి. పాలపళ్ల పింగాణి పలచన కాబట్టి గుంట లోపలికి దిగడానికి ఎక్కువ కాలం పట్టదు.

ఎస్‌డీఎఫ్‌లోని వెండి ఆ బ్యాక్టీరియాను చంపుతుంది. ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని మళ్లీ గట్టిపరుస్తుంది. ఈ క్రమంలో పుచ్చిన చోటు నల్లబడుతుంది. ఓటు వేసినప్పుడు వేలికి పెట్టే సిరాను గుర్తు తెచ్చుకుంటే సంగతి అర్థమవుతుంది. మైసూరులో తయారయ్యే ఆ సిరాలోనూ సిల్వర్ నైట్రేట్ రూపంలో వెండే ఉంటుంది. వేలి మీది గుర్తు చర్మం, గోరు పెరిగేకొద్దీ పోతుంది, పంటి మీదిది పోదు. మందు పొరపాటున పెదవికో బుగ్గకో అంటినా గోధుమరంగు మచ్చ పడి కొన్నాళ్లకు మాసిపోతుంది.

ఫ్లోరైడ్ అన్న మాట వింటే తెలుగు తల్లిదండ్రులు ఉలిక్కిపడతారు. ఆ భయంలో తప్పేమీ లేదు. నల్లగొండ పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లకు వంగిపోయిన ఎముకలు, గార పట్టిన పళ్లు చూసినవాళ్లు మన మధ్యే ఉన్నారు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఈ జబ్బు సంగతి 1937లోనే వైద్య పత్రికలకెక్కింది. అయితే ఇక్కడ లెక్క చూడాలి. తాగే నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడ్ ఉండొచ్చన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిమితి. 38 శాతం ఎస్‌డీఎఫ్ ఒక చుక్కలో ఉండేది సుమారు ఒక మిల్లీగ్రాము. ఆ చుక్క నాలుగైదు పళ్లకు సరిపోతుంది, వేసేది సాధారణంగా ఆరు నెలలకోసారి. నల్లగొండ బిడ్డలను కుంగదీసింది రోజూ, ఏళ్ల తరబడి తాగిన నీళ్లు. ఈ రెండింటినీ ఒకే గాట కట్టకూడదు.

“ఊడిపోయే పళ్లే కదా డాక్టరు గారూ, వదిలేస్తే ఏం?” అని చాలామంది తల్లులు అడుగుతారు. ముందుపళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి నిజమే. వెనక దవడపళ్లు మాత్రం పదీ పన్నెండేళ్ల దాకా నిలవాలి. మూడేళ్లప్పుడు పుచ్చిన దవడపంటితో బిడ్డ ఇంకో ఏడెనిమిదేళ్లు అన్నం నమలాలి. అది ముందే పోతే పక్కపళ్లు ఆ ఖాళీలోకి జరిగి, అడుగున పెరిగే పన్నుకు దారి ఇరుకవుతుంది.

అలాంటి దవడపన్ను కోసం స్కాట్లండ్‌లో ఒక పద్ధతి పుట్టింది. నోర్నా హాల్ అనే డాక్టరమ్మ పుచ్చును తవ్వకుండా, మత్తు ఇవ్వకుండా, పంటి మీద నేరుగా స్టీలు క్యాపు పెట్టి సిమెంటుతో మూసేసేవారు. లోపల చిక్కుకున్న బ్యాక్టీరియాకు తీపి అందదు కాబట్టి పుచ్చు అక్కడితో ఆగుతుంది. డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆమె రికార్డులు తిరగేసి 2006లో ప్రచురించారు, తర్వాత 132 మంది పిల్లల మీద పరీక్షించారు. ఐదేళ్లకు నొప్పి, చీము వంటి పెద్ద ఇబ్బందులు వచ్చింది క్యాపు పళ్లలో 3 శాతానికి, మామూలుగా సిమెంటు నింపిన పళ్లలో 16.5 శాతానికి. క్యాపు పెట్టిన కొత్తలో పై పళ్లు, కింది పళ్లు సరిగా కలవవు. కొద్ది వారాల్లో అది సర్దుకుంటుంది.

అన్ని పుచ్చులకూ ఈ మెత్తని వైద్యం చాలదు. నిద్ర లేపేంత నొప్పి ఉన్నా, చిగురు మీద చీము పొక్కు లేచినా, దవడ వాచినా పుచ్చు నరం దాకా చేరిందని అర్థం. అప్పుడు లోపలి భాగాన్ని శుభ్రం చేయడమో, పన్ను తీయడమో తప్పదు. వెండి పడని పిల్లలకు ఎస్‌డీఎఫ్ వాడరు. నల్లరంగు సంగతిని మందు పూయకముందే డాక్టరు ఫొటో చూపించి చెప్పాలి, చెప్పకపోతే తల్లిదండ్రులు అడగాలి. ముందుపళ్ల నలుపు మరీ ఇబ్బందనిపిస్తే దాని మీద పంటిరంగు సిమెంటు పూయించుకోవచ్చు. ఇంట్లో మాత్రం ఫ్లోరైడ్ పేస్టుతో రెండు పూటలా తోమాలి. మూడేళ్ల లోపు వాళ్లకు బియ్యపు గింజంత, ఆపైన బఠాణీ గింజంత పేస్టు చాలు.

ఆరు నెలలకు పాప మళ్లీ వస్తుంది. డాక్టరు సన్నటి పరికరం మొనతో ఆ గుంటను తడిమి చూస్తారు. మొదటిసారి తడిసిన సుద్దముక్కలా మెత్తగా తగిలిన చోటు ఇప్పుడు గట్టిగా, నున్నగా, నల్లగా ఉంటే పుచ్చు ఆగినట్టు. ఇంకా మెత్తగా ఉంటే మరో చుక్క. పాపకు పదేళ్లు దాటాక దవడపంటి మీది ఆ నల్లమచ్చ పాలపంటితోపాటే ఊడి చేతికొస్తుంది. దాని అడుగు నుంచి వచ్చే కొత్త పన్నుకు ఆ రంగు అంటదు.